పన్నెండు కొట్టేలోపు తినాల్సిన ఫలహారం

పదకొండింటికి జర్మనీలోని బవేరియా రాజధాని మ్యూనిక్‌లో, నడిబొడ్డు కూడలి మారియన్‌ప్లాట్స్‌లో జనమంతా టౌన్‌హాల్ గోపురం మీది గడియారంలో కదిలే బొమ్మల కోసం తలలెత్తి నిలబడతారు. పక్క సందుల్లోని బవేరియన్ భోజనశాలల్లోకి వెళ్ళాల్సింది సరిగ్గా అప్పుడే. నేనూ ఆ వేళకే లోపలికి వెళ్ళాను.

ఇలాంటిచోట గుమ్మం దగ్గర ఎవరూ ఎదురొచ్చి కూర్చోబెట్టరు. పొడుగాటి చెక్కబల్లలు ఉంటాయి. ఒక చివర ఎవరైనా కూర్చుని ఉంటే, "ఇక్కడ ఖాళీయేనా?" అని అడిగి రెండో చివర కూర్చోవచ్చు. "ష్టమ్‌టిష్" అని రాసిపెట్టిన బల్ల మాత్రం రోజూ వచ్చేవాళ్ళది. హాలంతా నిండిపోయినా దాని జోలికి వెళ్ళకూడదు.

నేను తిన్నది వైస్‌వుర్స్ట్, అంటే తెల్ల సాసేజి. దూడమాంసం, పందికొవ్వు, పార్స్‌లీ ఆకు, నిమ్మతొక్క, జాపత్రి కలిపి మెత్తగా రుబ్బి పందిపేగులో నింపుతారు. మిగతా సాసేజిల్లో వేసే నైట్రైట్ ఉప్పు దీనిలో ఉండదు కాబట్టి గులాబీరంగు రాదు. పొగ పెట్టరు, ఎండబెట్టరు, అందుకే నిలవ ఉండదు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో తెల్లవారుజామున చేసింది మధ్యాహ్నం గంటలు కొట్టేలోపే అయిపోవాలి. ఇప్పుడు తయారుచేసిన చోటే ఉడికించి చల్లారుస్తున్నారు కనక ఆ భయం లేదు, కట్టుబాటు మాత్రం మిగిలింది. పన్నెండు దాటాక అడిగితే లేదనే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి.

మూత ఉన్న పింగాణీ గిన్నెలో వేడినీళ్ళతో సహా తెచ్చిపెడతారు. నీళ్ళు మరిగితే తోలు పగిలి రుచంతా నీళ్ళపాలవుతుంది. అందుకే వంటింట్లో 70, 75 డిగ్రీల వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచి తీస్తారు, అంతే. అన్నీ ఒకేసారి పళ్ళెంలోకి తీసుకోకూడదు. ఒకటి తినేదాకా మిగతావి నీళ్ళలో ఉంటేనే వేడి నిలుస్తుంది. కత్తితో నిలువునా చీల్చి, ఫోర్కుతో లోపలిది తోలు నుంచి దొర్లించాలి. తోలు తినరు. పాతకాలం వాళ్ళు ఒక చివర కొరికి లోపలిది పీల్చుకుంటారు, మనం ములక్కాడ తిన్నట్టే. మనిషికి రెండు చాలు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది పక్కన పెట్టిన ఆవముద్ద. ముక్కు అదిరిపోతుందేమోనని కాస్తే తీసుకున్నా. ఘాటు లేదు, తియ్యగా ఉంది. ఆవకాయలో పచ్చి ఆవపిండి వేస్తాం కాబట్టి తడి తగలగానే ఘాటు పుడుతుంది. ఇక్కడ బరకగా ఆడిన పిండిని చక్కెర, వెనిగర్‌తో వేడిచేస్తారు. ఆ వేడికి ఘాటు పుట్టించే గుణం చచ్చిపోతుంది. ఏ రుచీ గట్టిగా లేని ఈ సాసేజికి అదే సరైన జోడీ. కారం ఆవముద్ద అడిగి తెప్పించుకుంటే నిమ్మతొక్క వాసన అసలు తెలియదు.

బల్ల మీద బుట్టలో ఉప్పు బ్రెట్సన్‌లు, అంటే ముడి వేసినట్టుండే రొట్టెలు ఉంటాయి. అవి ఉచితం కాదు, తిన్నన్ని లెక్కవేసి బిల్లులో కలుపుతారు. నీళ్ళూ కొనుక్కోవాల్సిందే. ఊరికే నీళ్ళంటే గ్యాసువి వస్తాయి, గ్యాసు లేనివి కావాలంటే "ష్టిల్" అని చెప్పాలి. నీళ్ళ ధర చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కాకపోతే, అక్కడ అన్నిటికంటే చవకైన మద్యం ధరను మించకుండా మద్యం లేని పానీయం ఒకటైనా అమ్మాలని జర్మనీ చట్టం. జాబితాలో అదేదో వెతుక్కుంటే డబ్బు మిగులుతుంది.

నాకు ఒళ్ళు మండింది శాకాహారం దగ్గర. ఒకచోట మాంసం లేదని చెప్పి ఇచ్చిన బంగాళాదుంప సలాడ్‌లో గొడ్డుమాంసం రసం పోశారు. బవేరియా పద్ధతే అది: మయొనైజ్ వేయరు, వేడి దుంపముక్కల మీద మాంసంరసం, వెనిగర్ పోసి నానబెడతారు. ఎర్రక్యాబేజీ కూరలో పందికొవ్వు, పులిసిన క్యాబేజీలో పందిముక్కలు తరచూ పడతాయి. అందుకని "మాంసం ఉందా?" అన్న ఒక్క ప్రశ్న సరిపోదు. "రసం దేనితో? వేయించింది దేనిలో?" అని విడివిడిగా అడగాలి. ఆ రెండూ అడిగాక ధైర్యంగా తెప్పించుకోదగ్గది కేజ్‌ష్పెట్స్‌లె. గుడ్డు కలిపిన పిండిముద్దల మీద చీజ్ కరిగించి, వేయించిన ఉల్లిపాయలు చల్లుతారు. పాత రొట్టె, పాలు, గుడ్డుతో చేసే ఉండలు, పైన పుట్టగొడుగుల క్రీమ్ కూడా బాగుంటాయి. ఆ ఉండల్ని కత్తితో కోయకుండా ఫోర్కుతో విరిస్తే క్రీమ్ బాగా పీల్చుకుంటాయి. గుడ్డు కూడా తిననివాళ్ళకు ఈ రెండూ పనికిరావు.

అలాంటివాళ్ళకు చెట్లకింది బీర్ గార్డెన్ నయం. 1812లో బవేరియా రాజు మాక్సిమిలియన్ జోసెఫ్ బీరు తయారీదార్లకు తమ నేలమాళిగల దగ్గర బీరు అమ్ముకునే అనుమతిచ్చి, రొట్టె తప్ప తిండి అమ్మకూడదన్నాడు. దాంతో జనం ఇంటినుంచే తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇవాళ్టికీ గుడ్డ పరచని బల్లల దగ్గర పానీయం అక్కడే కొనుక్కుని, పులిహోర డబ్బా తెరుచుకోవచ్చు. గుడ్డ పరిచిన బల్ల దగ్గర కుదరదు.

కార్డు తీసుకోని చోట్లు ఉన్నాయి, జేబులో నోట్లుండాలి. బిల్లు బల్ల దగ్గరే కడతారు. 27 యూరోలైతే టిప్పు కలుపుకుని "30" అని చెప్పి నోటు చేతికివ్వాలి. చిల్లర బల్ల మీద వదిలి వెళ్ళడం ఇక్కడి అలవాటు కాదు.

తియ్యటి ఆవముద్ద సీసా కొనుక్కుంటే చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. చేతిసంచిలో ఉంటే విమానాశ్రయంలో ద్రవం కిందే లెక్కేస్తారు.