మూడో మలుపు దాకా

ఉద్యోగం కోసం ఈ దేశానికి వచ్చి పదకొండేళ్లయింది. మొన్న పని ముగిశాక ఫోన్‌లో చూసుకుంటే ఆ రోజుకు 1,900 అడుగులు నమోదయ్యాయి. వాటిలో సగం పార్కింగ్ నుంచి లిఫ్టు దాకా, లిఫ్టు నుంచి కుర్చీ దాకా వేసినవే.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ గాని, 75 నిమిషాలు తీవ్రమైన శ్రమ గాని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2022 నాటికి ప్రపంచంలోని పెద్దల్లో 31 శాతం మంది, అంటే సుమారు 180 కోట్ల మంది, ఆ మాత్రం కూడా చేయడం లేదు. పురుషుల్లో వీరు 29 శాతం కాగా స్త్రీలలో 34 శాతం. 60 ఏళ్లు దాటాక ఈ సంఖ్య ఇద్దరిలోనూ పెరుగుతుంది.

స్త్రీల సంఖ్య ఎందుకు ఎక్కువో తెలుసుకోవడానికి నేను మా ఇల్లు దాటి వెళ్లనక్కర లేదు. నా భార్యదీ ఉద్యోగమే. సాయంత్రం నేను జిమ్‌కు వెళ్లకపోతే అది నా బద్ధకం. ఆమె వెళ్లలేకపోతే పిల్లల్ని తీసుకురావలసిన వేళ అదే కావడం వల్ల. ఇంటిపనీ లెక్కలోకి వస్తుంది గాని, ఊపిరి కాస్త వేగం పుంజుకునేంత శ్రమ అయితేనే. పొయ్యి దగ్గర గంటసేపు నిలబడితే కాళ్లు లాగుతాయి తప్ప నిమిషాలు జమపడవు.

వయసు సంగతి మాత్రం అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వచ్చినప్పుడే అర్థమైంది. నాన్న రెండో వారానికే దారి గుర్తుపెట్టుకుని, ఎదురైన వారికి చేయి ఊపుతూ, పొద్దున్నే ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. అమ్మ కిటికీ దగ్గరే కూర్చునేది. బయటికి వెళ్లమంటే, "ఎవరైనా పలకరిస్తే ఏం చెప్పనురా?" అనేది. మోకాళ్ల నొప్పి ఆ తర్వాత చెప్పిన కారణం. భాష తెలియదన్న బెరుకు నాన్నకూ ఉండాలి గాని, ఆయన్ను అది గడప దగ్గర ఆపలేదు. అలా ఒంటరిగా బయట తిరగడం ఆయనకు జీవితమంతా అలవాటే.

గత శనివారం అమ్మను వెంటబెట్టుకుని బయలుదేరాను. మూడో మలుపు దగ్గర ఆయాసం ముందు నాకే వచ్చింది. ఆదివారం మళ్లీ వెళ్లాం. మిగతా అయిదు రోజులూ నేను ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది.