చావు లేకుండా ఆడాలంటే అదనంగా కట్టాలట

ఈ మధ్య మళ్లీ 1943 ఆడుతున్నా, 1987లో క్యాప్‌కామ్ తెచ్చిన విమానాల షూటింగ్ గేమ్. 2021లో క్యాప్‌కామ్ తన పాత గేములన్నీ కలిపి తెచ్చిన ఆర్కేడ్ స్టేడియం అనే కలెక్షన్‌లో ఇది ఫ్రీ, మిగతావి మొదట్లో చాలావరకు పదేసి గేముల ప్యాక్‌లుగా అమ్మారు, అక్కడిదాకా న్యాయమే. కానీ దెబ్బ తగిలినా చావకుండా ఆడే ఆప్షన్‌ని విడిగా అమ్మడం చూస్తే నిజంగా బాధేసింది. 1943లో ఏ తూటా తగలకపోయినా ఎనర్జీ దానంతటదే తగ్గిపోతుంటుంది, అది మెషీన్‌లో కాయిన్ వేసి ఆడే కాలం నాటి గేమ్, అర్థం చేసుకోగలను, ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఆడేవాళ్లని మళ్లీ డబ్బులడగడం ఎందుకు?

2017లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 గేమ్‌లోని లూట్ బాక్సుల (లోపల ఏముందో తెలీకుండా తెరిచే పెట్టెల) మీద జరిగినంత గొడవ దీనికి అక్కర్లేదు, అక్కడ డబ్బు పెట్టినా ఏమొస్తుందో తెలీదు, 2018లో బెల్జియం అలాంటి బాక్సులను జూదమే అంది కూడా.

నాకు నచ్చిన పద్ధతి పాత గేముల్ని కొత్త కన్సోళ్లకి తెచ్చే ఎం2 అనే కంపెనీ వాళ్లది. 1996 నాటి బ్యాటిల్ గరెగ్గా అనే షూటింగ్ గేమ్‌లో మనం ఎంత కాలిస్తే, ఎన్ని ఐటమ్స్ ఏరుకుంటే గేమ్ లోలోపల అంత కఠినమవుతుంది, ర్యాంక్ అనే ఆ కఠినత స్థాయి బయటికి కనపడదు. 2016లో ఎం2 వాళ్లు ఈ గేమ్‌ని ప్లేస్టేషన్ 4కి తెచ్చినప్పుడు దాన్ని స్క్రీన్ పక్కనే చూపించారు. ఇంత శ్రద్ధ పెట్టి తెస్తే పూర్తి రేటు ఇచ్చి సంతోషంగా కొంటాను.