గెయిన్స్‌బరో పుట్టిన ఊళ్లో

లండన్‌లో లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర రైలెక్కి, మార్క్స్ టే అనే చోట చిన్న బండిలోకి మారితే, లైన్ ఆగిపోయే చివరి స్టేషన్ సడ్‌బరీ. ఆ చిన్న లైన్ పేరే గెయిన్స్‌బరో లైన్. ఒక చిత్రకారుడి పేరు రైలుమార్గానికి పెట్టుకున్నారంటేనే నాకు ఆ ఊరి మీద గౌరవం కలిగింది. నాతో వచ్చిన స్నేహితురాలు వయొలిన్ వాయిస్తుంది. బొమ్మల పిచ్చి నాది, సంగీతం పిచ్చి తనది. ఇద్దరికీ సరిపోయే ఊరు ఇదేనని పట్టుబట్టి లాక్కెళ్లాను.

థామస్ గెయిన్స్‌బరో 1727లో పుట్టాడు. బట్టల వ్యాపారి కొడుకు. ఆయన పెరిగిన ఇల్లే ఇప్పుడు మ్యూజియం. పెరట్లో 400 ఏళ్లు దాటిన మల్బరీ చెట్టుంది. ఆకు పట్టుకుని చూస్తే పైభాగం గరుకుగా వేలికి తగిలింది. చిన్నప్పుడు ఆయన కూడా ఈ చెట్టు కిందే ఆడుకుని ఉంటాడు కదా అనిపించి, ఒళ్లు జలదరించింది.

లోపల ఒక ప్రకృతి చిత్రానికి మరీ దగ్గరగా వెళ్లి నిలబడింది నా స్నేహితురాలు.

"అన్నీ పిచ్చి గీతలే కదే, చెట్టెక్కడ?"

"రెండడుగులు వెనక్కి రావే."

వచ్చింది. గీతలన్నీ కలిసిపోయి, ఆకులు గాలికి కదులుతున్నట్టు కనిపించాయి. ఆయన పొడవాటి కర్రలకు బ్రష్షులు కట్టి, దూరంగా నిలబడి వేసేవాడట. బల్ల మీద రాళ్లు, ఎండు మొక్కలు, అద్దం ముక్కలు పేర్చి చిన్న అడవీ చెరువూ తయారుచేసుకుని, వాటిని చూస్తూ గీసేవాడు. బాత్ నగరంలో, లండన్‌లో ఉన్నా మనసు పల్లెలోనే ఉండేదన్నమాట.

కానీ ఇల్లు గడిచింది పోర్ట్రెయిట్లతో. డబ్బున్నవాళ్లు తమ మొహాలే వేయమనేవాళ్లు. పోర్ట్రెయిట్లంటే విసుగొచ్చింది, నా వయోలా ద గాంబా తీసుకుని ఏదో ఒక చక్కటి పల్లెకు వెళ్లిపోయి ప్రకృతి చిత్రాలు వేసుకోవాలనుందని విలియం జాక్సన్ అనే సంగీతకారుడైన మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఆ సంగతి చదివినప్పటి నుంచే నాకు ఈ ఊరు చూడాలని ఉండేది. వయోలా ద గాంబా అంటే రెండు కాళ్ల మధ్య నిలబెట్టి కమానుతో వాయించే వాద్యం. ఆయన దగ్గర అలాంటివి ఐదు ఉండేవట!

ఆ వాద్యంలో ఆ కాలపు ఘనుడు కార్ల్ ఫ్రెడ్రిక్ ఏబెల్ ఆయన ప్రాణస్నేహితుడు. ఇంకో మిత్రుడు యోహాన్ క్రిస్టియన్ బాఖ్, ప్రసిద్ధ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ చిన్న కొడుకు. ఏబెల్ వాయిస్తే ఈయన బొమ్మలిచ్చేవాడు. నన్నడిగితే ఆయన చిత్రాల్లో చెట్ల కొమ్మలకు ఆ లయ వచ్చింది ఈ సావాసం వల్లే. పండితులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నా నమ్మకం ఇది.

మార్కెట్ హిల్‌లో 1913లో పెట్టిన ఆయన విగ్రహం చూసి, స్టౌర్ నది పక్కనున్న పచ్చికబయళ్లకు నడిచాం. ఆవులు మేస్తున్నాయి. ఇయర్‌ఫోన్ చెరొకటి పెట్టుకుని ఏబెల్ సోలో ఒకటి విన్నాం. తోడు వాద్యం ఏదీ లేదు, ఒక్క గాంబానే. మధ్యలో స్వరం ఆగి, మళ్లీ అందుకున్న చోట తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఏబెల్ 1787లో పోయాడు, ఆ మరుసటి ఏడాదే గెయిన్స్‌బరో కూడా.

మర్నాడు లండన్ నేషనల్ గ్యాలరీలో గెయిన్స్‌బరో వేసిన 'మిస్టర్ అండ్ మిసెస్ ఆండ్రూస్' చిత్రం చూశాం. దంపతులిద్దరూ ఓ పక్కకు సర్దుకున్నారు, మిగతా కాన్వాసంతా సడ్‌బరీ దగ్గరి పొలాలే. "డబ్బు వాళ్లది, బొమ్మ మాత్రం పొలానిది" అంది నా స్నేహితురాలు. గెయిన్స్‌బరో వేసిన ఏబెల్ పోర్ట్రెయిట్ కాలిఫోర్నియాలో, హంటింగ్టన్ మ్యూజియంలో ఉంది. అందులో ఏబెల్ స్వరాలు రాస్తుంటాడు, గాంబా తొడకు ఆనించి ఉంటుంది, బల్ల కింద కుక్క. ఈసారి అక్కడికి తీసుకెళ్లే వంతు తనదని, తిరుగు ప్రయాణంలోనే టికెట్లు వెతకడం మొదలుపెట్టింది.