అమ్మ మిషన్ కాడ మిగిలిపోయిన 27 జాకెట్లు – నా అనుభవం

అమ్మ దినాలు అయిపోయి చుట్టాలు ఎవరిళ్ళకు వాళ్ళు పోయినంక, తెల్లారి ఏడు గంటలకే తలుపు కొట్టినరు. చూస్తే మా వెనక గల్లీ ఆమె. పరామర్శకు వచ్చిందనుకున్న. కాసేపు కూసున్నది, కండ్లనీళ్ళు పెట్టుకున్నది, లేచి పోయేటప్పుడు గడప కాడ నిలవడి మెల్లగ, "బిడ్డా, ఏమనుకోకు, నా జాకెట్ అయిందేమో జర చూస్తవా, ఎల్లుండి మా ఆడపడుచు బిడ్డ పెండ్లి" అన్నది. అప్పుడు మస్తు కోపమొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె తప్పేముంది, కార్తీకమాసం, పెండ్లిళ్ళ సీజను, గుడ్డ ఆమెది.

మాది మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ దిక్కు. అమ్మ 2024 నవంబర్ల పోయింది, 53 ఏండ్లు, రాత్రి నిద్రలనే గుండె ఆగిపోయింది. నాన్న నేను ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడే పోయిండు, అప్పటి నుంచి అమ్మ కుట్టు మిషనే మా ముగ్గురికి అన్నం పెట్టింది. నేను పెండ్లయి జడ్చర్లల ఉంట, తమ్ముడు హైదరాబాద్‌ల పని చేస్తడు. ఇదంత ఎందుకు రాస్తున్న అంటే అమ్మ పోయినంక కాగితాల కోసం తెల్వక శానా తిరిగిన, ఇంకొకరికి ఆ తిరుగుడు తప్పుతదేమో అని. ఇంకోటి గూడ ఉన్నది, అది చివర్ల చెప్త.

ముందు కాగితాల సంగతి. డెత్ సర్టిఫికెట్ కోసం, దవాఖానల చనిపోతే వాళ్ళే మున్సిపాలిటీకి పంపిస్తరు, ఇంట్ల చనిపోతే మనమే పోయి రాయించుకోవాలె. 21 రోజులల్ల రాయిస్తే ఫీజు ఉండదు, దాటితే ఫీజు, ఇంకా లేటయితే అనుమతులు అఫిడవిట్లు అని పని పెరుగుతది. మేము టైముకే పోయినం గాని ఒక్క తప్పు చేసినం. తమ్ముడు అమ్మ పేరు పాస్‌బుక్కుల ఎట్లున్నదో అట్ల రాయించిండు. ఆధార్ల అమ్మ పేరు చివర "మ్మ" ఉన్నది, పాస్‌బుక్కుల లేదు. ఈ ఒక్క "మ్మ" కోసం నేను నెలన్నర తిరిగిన, నమ్ముతరా? ఫారం నింపేటప్పుడు ఆధార్ ముందల పెట్టుకొని అక్షరం అక్షరం చూసి రాయించుకోండ్రి, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.

బ్యాంకుకు పోయేముందు పాస్‌బుక్కు ప్రింట్ కొట్టిచ్చిన. ప్రతి ఏడు మే నెలల ఒక కట్టింపు కనపడ్డది, పాత పేజీలల్ల 330, 2022 నుంచి 436. ఇంకొకటి 20 రూపాయలు. అమ్మ ఎవరికన్న చిట్టి కడుతుండెనేమో అనుకున్నం. కౌంటర్ల పిల్లగాడు చూసి, "మేడం, ఇది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, మీకు రెండు లక్షలు వస్తయి" అన్నడు. నేను కూసున్న కాడనే ఉండిపోయిన. అమ్మ ఒక్కనాడు చెప్పలే. తర్వాత మహిళా సంఘం లీడరక్కను అడిగితే తెలిసింది, ఆ స్కీము మొదలైన 2015లనే గ్రూపోళ్ళందరిని బ్యాంకుకు తోలుకపోయి సంతకాలు పెట్టిచ్చినరట. 20 రూపాయలదేమో యాక్సిడెంట్ అయితెనే వస్తది, 436ది ఎట్ల పోయినా వస్తది. 50 ఏండ్ల లోపల చేరి ఏడాదికేడాది కట్టుకుంట పోతే 55 దాక నడుస్తది. జూన్ ఒకటి నుంచి మే 31 దాక లెక్క, అందుకనే మే నెలల ఖాతల పైసలుండాలె. మీ ఇంట్ల పెద్దోళ్ళ పాస్‌బుక్కులు ఇయ్యాలనే తీసి చూడుండ్రి, కట్టింది తెల్వక ఇడిసిపెట్టినోళ్ళు ఎంతమందో.

క్లెయిమ్‌కు ఏమేం కావాలంటే: బ్యాంకుల ఇచ్చే క్లెయిమ్ ఫారం, డిశ్చార్జ్ రసీదు (దవాఖానది కాదు, బీమా పైసలు ముట్టినయని సంతకం పెట్టేది), డెత్ సర్టిఫికెట్, నామినీ ఆధార్, నామినీ ఖాతా పాస్‌బుక్కు లేదంటే క్యాన్సిల్ చేసిన చెక్కు. 30 రోజులల్ల పెట్టుకుంటే మంచిది అన్నరు. నామినీ నేనే, డిగ్రీ చదివేటప్పటి నా ఇంటిపేరుతోని. అక్కడ పేరు గొడవ, ఇక్కడ "మ్మ" గొడవ. ఒకాయన అఫిడవిట్ తెమ్మన్నడు, తెస్తే ఇంకొకాయన ఇట్ల కాదు రెండు పేర్లు ఒక్కరివే అని స్టాంప్ పేపర్ మీద నోటరీ చేయించి తెమ్మన్నడు, అది తెచ్చిననాడు ఆ సారు లీవుల ఉన్నడు. మూడు సార్లు జడ్చర్ల నుంచి వచ్చి పోయిన, చంకల పిల్ల. తమ్ముడు మధ్యల విసిగి, అమ్మ ఏటీఎం పిన్ తెలుసు గదా ఖాతల ఉన్నయన్న తీద్దాం పా అన్నడు. వద్దన్న. పోయినోళ్ళ కార్డు వాడుడు తప్పు, రేపు క్లెయిమ్‌కే అడ్డమొస్తదేమో అని నా భయం. నామినీ అంటే పైసలు చేతికి తీసుకునేటోళ్ళే, ఖాతల ఉన్నయి వారసులందరివి అని మేనేజర్ సారు చెప్పిండు, అది విని తమ్ముడు జర సల్లవడ్డడు.

ఇగ జాకెట్లు. అమ్మ గదిల గోడకు ఒక ఇనుప ర్యాకు, దాంట్ల ఒక్కొక్క మూట. మూట అంటే ఆది జాకెట్ల (కొలతకు ఇచ్చే పాత జాకెట్) కొత్త జాకెట్ ముక్క చుట్టి పైన పేలికతోని కట్టింది. లెక్కపెడితే 27. దాంట్ల 18 ఇంకా కొయ్యలేదు, 9 కోసి పెట్టింది. కొయ్యని గుడ్డ తిరిగి ఇచ్చుడు అల్కనే, కోసిన ముక్కలు ఎట్ల ఇస్తం? నాకు ఫాల్ కుట్టుడు, హుక్కులు పెట్టుడు దాకనే వస్తది, జాకెట్ నిలబెట్టుడు రాదు.

ఎవరిది ఏదో తెలుసుకుందామంటే అమ్మ నోటుబుక్కు ఉన్నది గాని అది అమ్మకే అర్థమైతది. నాలుగో తరగతి చదువు. ఒక్క పేరు లేదు. "వాటర్ ట్యాంకు పక్క కొత్త కోడలు, చేతులు పొడుగు, 250, 100 ముట్టినయ్". "పాలామె చిన్నబిడ్డ, మెడ ఎక్కువ దించొద్దన్నది". "బస్సుల వచ్చే ఆమె". ఒక కాడ ఉత్త "మాట్లాడదు" అని ఉన్నది, నాకు తల పట్టుకోవాల్సి వచ్చింది, ఆ పిల్లకు నిజంగనే మాటలు రావు అని తర్వాత తెలిసింది. రెండు ఆదివారాలు ఆ బుక్కు పట్టుకొని గల్లీ గల్లీ తిరిగిన. ఒక్కొక్క ఇంట్ల చాయ్, ఒక్కొక్క ఇంట్ల ఏడుపు, ఒక ఇంట్ల మాత్రం నా గుడ్డ మీటరు ఇచ్చిన ఇది తక్కువున్నది అని టేపు తీసి కొలిచినరు. నానబెడితే కాటన్ గుంజుకుంటది గదమ్మా అన్న. అమ్మ కాటన్ అయినా లోపల వేసే అస్తరు గుడ్డ అయినా రాత్రి నీళ్ళల్ల వేసి ఆరేసినంకనే కత్తెర పెట్టేది. ఇనలే.

కోసిన తొమ్మిదింటి కోసం రెండు గల్లీల అవతల ఇంకో టైలరమ్మ కాడికి పోయిన. ఆమెకు అమ్మకు ఏండ్ల నుంచి మాటల్లేవు, గిరాకి కాడ వచ్చిన పంచాయితి. గుమ్మంల నన్ను చూసి లోపటికి రమ్మన్నది, ముక్కలు ఒక్కొక్కటి విప్పి లైటు కింద పెట్టి సుద్ద గీతల మీద ఏలు పెట్టి జరుపుకుంట పోయింది. ఒక ముక్క కాడ ఆగి, "చూడు, పక్కలకు రెండేసి ఇంచులు లోపటికి ఇడిసింది. ఎవరు ఇడుస్తరే ఇంత? లావయితే కుట్టిప్పుకొని మల్ల ఏసుకుంటరు, ఇగ కొత్తది కుట్టిచ్చుకునుడు యాడిది" అన్నది. కాసేపయినంక మల్ల తనే, "నా గిరాకంత అటు పోయింది దీంతోనే" అన్నది. కూలి ఎంత అంటే సగం ఇయ్యి అన్నది. "ఊకెనే చేస్తనని మాత్రం అనుకోకు, నాకూ కడుపున్నది". ఊకె చేస్తనన్నోళ్ళు ఆ పది రోజులల్ల నాకు శానామంది దొరికినరు, పని చేసింది ఈమెనే.

తొమ్మిది తయారై వచ్చినయి. వాటిల్ల మూడింటికి నోటుబుక్కుల పైసలు రాసే కాడ అంకె లేదు, ఒక గుర్తు ఉన్నది. ఇంగ్లీషు యు అక్షరం లెక్క, మధ్యల ఒక గీత. నేను అర్జెంటు అనుకున్న. టైలర్లు అట్ల రాసుకుంటరు గదా. పైసలు రాయుడు మర్చిపోయిందేమో అని అందరికి వేసినట్టే 250 అడిగిన. మొదటి ఇల్లు ఒక ముసలమ్మది, మనమరాలి జాకెట్. ఆమె నా మొకం దిక్కు ఒకసారి చూసి, ఏం అనకుంట కొంగు ముడి విప్పి యాభైలు, ఇరవైలు, పదులు లెక్కపెట్టి నా చేతుల పెట్టింది. తీసుకొని వచ్చిన.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే మిషను పైన గోడకున్న ఎంకన్న ఫోటో కనపడ్డది. అమ్మ పొద్దుగాల దీపం పెట్టి మిషనుకు దండం పెట్టి, ప్రతి గుడ్డకు కత్తెర పెట్టేటప్పుడు "గోవిందా" అనేది. మేము నవ్వేటోళ్ళం, గుడ్డకు గూడ దేవుడేందమ్మా అని. శనివారం ఒక్కపొద్దు. ప్రతి మాఘమాసం జాతరకు మన్యంకొండ ఎంకన్న గుట్టకు పోతె మెట్లు ఎక్కుతుండె, తవ్వని కోనేరు, చెక్కని పాదాలు, ఉలి ముట్టని స్వామి అని చెప్పుకుంట. అమ్మకు ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు. ఆ గుర్తు యు కాదు, నామం. పాత నోటుబుక్కులు అటక మీద నుంచి దించి చూసిన, ప్రతి దాంట్ల ఉన్నయి నామాలు, పేజీకి ఒకటో రెండో, అది ఉన్న కాడ ఎన్నడు పైసలు లేవు.

తెల్లారి పోయి ముసలమ్మకు 250 తిరిగి ఇచ్చిన. తీసుకోనన్నది. "మీ అమ్మ ఒద్దనేది, నువ్వు అడిగితివి, అడిగినంక ఇయ్యకుంటే మంచిగుండదు" అన్నది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటనే ఉన్నది. కొంగుల కట్టి వచ్చిన ఎట్లనో. మిగతా రెండిండ్లకు ఇచ్చి దండం పెట్టి వచ్చిన, అడగలే.

క్లెయిమ్ పైసలు ఫిబ్రవరిల నా ఖాతల పడ్డయి, పూర రెండు లక్షలు. సంఘంల అమ్మ బాకీ కట్టేసినం, మిగిలింది తమ్ముడు నేను సగం సగం. మన్యంకొండ జాతరకు గూడ పోయినం, అమ్మ ఏడాదికోసారి కింద అలివేలు మంగమ్మకు జాకెట్ ముక్క పెడుతుండె, అది పెట్టినం.

ఇగ చివర్ల చెప్త అన్నది ఇది. 27ల 26 ఇచ్చేసిన, ఒక్కటి మిగిలింది. "బస్సుల వచ్చే ఆమె" అని ఉన్నది గదా, ఆ మూట. చిలకాకుపచ్చ గద్వాల జాకెట్ ముక్క, ఎర్ర పట్టు అంచు, చేతులకు పైపింగ్ పెట్టమన్నది. ఆది జాకెట్ పాతది, ఎడమ చంక కింద ఒకసారి కుట్టిప్పి వెడల్పు చేసినట్టున్నది. దేవరకద్ర దిక్కు నుంచి వస్తదని టైలరమ్మ అంటది, కాదు భూత్పూర్ అని పక్కింటోళ్ళు. ఎవరికన్న తెలుస్తే మెట్టుగడ్డ కాడ వచ్చి అడగమని చెప్పుండ్రి, జాకెట్ కుట్టిచ్చి ఇస్త్రీ చేసి పెట్టిన. 150 బాకీ ఉన్నది. నామం ఉన్నదేమో అని రెండు సార్లు చూసిన, లేదు, పైసలు తెచ్చుకోవాలె.