సివిల్ అంటే గట్టు కేసేనా?

గ్రూప్-1 మెయిన్స్ కోసం రాసిన మొదటి ప్రాక్టీస్ టెస్టులో 'పౌర స్వేచ్ఛ' (సివిల్ లిబర్టీ) ప్రశ్నకు పదికి మూడొచ్చాయి. పక్కన ఎర్ర ఇంకుతో ఒకటే మాట: "ఇది పౌర హక్కుల జవాబు." రాజ్యాంగంలోని 19, 21 అధికరణాలు వరసగా దించేశాను గానీ, రెండింటికీ తేడా నాకే తెలియదు.

ఆ ఆదివారం ఒంగోలు రూమ్ నుంచి టంగుటూరు దగ్గర మా ఊరెళ్తే, నాన్న పేపర్ చూసి "సివిలంటే మన గట్టు కేసే కదరా?" అన్నాడు. పన్నెండేళ్లుగా కోర్టులో నలుగుతోందది. నవ్వేశాను. తిరుగు బస్సులో మాత్రం అదే ఆలోచన: గట్టు తగాదా, స్వేచ్ఛ రెండూ సివిల్ ఎలా అయ్యాయి?

లాటిన్‌లో 'సివిస్' అంటే పౌరుడు. అతనికి సంబంధించిందల్లా సివిల్. పౌరుల సమూహం 'సివిటాస్', దాన్నుంచే ఇంగ్లీషు 'సిటీ' వచ్చింది. మనకు తిరగేసి ఉంది. ముందు పురం, అందులో ఉండేవాడు పౌరుడు. ఇది ఇంట్రోలో రాస్తే దిద్దేవాళ్లు ఆగి చదువుతారు, నమ్మండి.

అసలు పట్టు 'లిబర్టీ'లో దొరికింది. 'లీబెర్' అంటే బానిస కానివాడు, నెత్తిన యజమాని లేనివాడు. స్వేచ్ఛ అంటే స్వ, ఇచ్ఛ, తన ఇష్టం. అంటే ప్రభుత్వం చెయ్యి పెట్టకూడని చోటు పౌర స్వేచ్ఛ. పౌర హక్కు అలా కాదు, అక్కడ ప్రభుత్వం వచ్చి అండగా నిలబడాలి. అంటరానితనం మీద 1955లో చేసిన చట్టానికి 1976లో పౌర హక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చింది అందుకే అనుకుంటే తేడా ఇక మర్చిపోరు.

స్వేచ్ఛకు ఉదాహరణగా 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీకి గుండె చూపిన ప్రకాశం పంతుల్ని రాశాను. ఒంగోలులో కూర్చుని ఆయన్ని వదిలేస్తే ఎలా? తర్వాత ఎమర్జెన్సీ, అప్పటి నిర్బంధాల మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన జబల్పూర్ కేసు. అక్రమంగా నిర్బంధించినా కోర్టుకెళ్లే వీల్లేదని నలుగురు జడ్జీలు అంటే, ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పును 2017లో గోప్యత హక్కు మీద నడిచిన పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టే కొట్టేసింది.

రెండో టెస్టులో ఆరున్నర వచ్చాయి. జబల్పూర్ తీర్పు 1975 అని రాసి అర మార్కు పోగొట్టుకున్నాను. ఎమర్జెన్సీ 1975, తీర్పు 1976. ఇప్పుడది మంచం పక్క గోడ మీద ఉంది.