సాయంత్రం ఆరు గంటల నడక

తాగుడు మానేసి పద్నాలుగు నెలలైంది. భయం కాస్త తగ్గింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఎవరినీ అడక్కుండా ఒక్కసారిగా మానేశాను. అదే తప్పు. మూడో రాత్రి చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు. గోడ నిండా చీమలు పాకుతున్నాయని అరిచాను. మా ఆవిడ గోడ తుడిచి చూపించినా నాకు కనబడుతూనే ఉన్నాయి. పోయిన మా నాన్న గుమ్మంలో నిలబడి పిలుస్తున్నాడంటూ తలుపు తీయబోయానట. ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు "తాగుబోతులకి ఇది మామూలేనమ్మా, పొద్దున చూద్దాం" అన్నాడు. తెల్లారేదాకా వరండా బెంచీ మీద నన్ను గట్టిగా పట్టుకుని కూర్చుంది తను. ఇలాంటప్పుడు ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చని ఆయనకి తెలియదా? ఆ మాటని నేనింకా క్షమించలేదు.

పొద్దున వేరే ఆసుపత్రిలో చేరాను. బి1 విటమిన్ ఇంజెక్షన్లు, మాత్రలు, పది రోజులు.

ఇంటికొచ్చాక చూసుకుంటే తొడల్లో కండే లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేను. పాదాలు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఫిజియోథెరపీ అమ్మాయి "బాబాయ్, ఐదుసార్లు లేచి కూర్చోండి చాలు" అంది. ఆ రోజు మూడే చేయగలిగాను. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

అందరూ పొద్దున్నే నడవమంటారు. నాకు పొద్దున ఇబ్బంది లేదు. సాయంత్రం ఆరైతే నోరెండిపోయి కాళ్లు వైన్‌షాపు వైపు లాగేవి. "అయితే ఆ టైముకే నడవండి" అంది ఆ అమ్మాయే. విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా, మళ్లీ వెనక్కి. జేబులో రూపాయి లేకుండా, పక్కన మా ఆవిడతో. అరగంటకి ఆ యావ తగ్గేది. తగ్గని రోజు ఇంకో చుట్టు. నెల తిరిగేసరికి రాత్రిళ్లు నిద్ర పట్టింది. "రెండ్రోజుల ముచ్చటే" అని నలుగురిలో అన్న మా బావమరిది ఈ మధ్య నా మొహం చూడటం లేదు.

రోజూ తాగేవాళ్లు నాలా సొంతంగా ఆపేయకండి. మత్తు అలవాటు మానడానికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. నడక మందులకి బదులు కాదు, నేను రెండూ వదల్లేదు.

మొన్న ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాను, 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిమెట్టు, అదే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అప్పన్నని తలుచుకుని బయల్దేరాం. అప్పూఘర్ దగ్గర సముద్రంలో దిగితే అరికాళ్లకి చల్లదనం తెలిసింది. వేళ్లకి ఇంకా తెలియలేదు.