ఎవరూ రాని పరీక్ష

కమిటీ వారి మెయిల్ నాకు మూడుసార్లు వచ్చింది. అక్షరం తేడా లేకుండా మూడూ ఒకటే: సంచికకు రెండు పేజీలు మించకుండా కాలేజీ జ్ఞాపకాలు రాసి పంపాలట. నేనింత ముఖ్యుణ్ణి ఎప్పుడయ్యానా అని ఒక్క నిమిషం ఛాతీ ఉబ్బింది. తర్వాత సంగతి తెలిసింది. అది చివర్లో చెప్తాను.

ఏడో నంబరు మిషన్ గురించి, వార్షికోత్సవంలో కరెంటు పోయిన గంట గురించి, కవలల హాజరు గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. మూడో ఏడాది నాకసలు గుర్తే లేదు. ఫొటోల్లో ఉన్నాను కాబట్టి కాలేజీకి వచ్చాననే అనుకుంటున్నాను. నాకు గుర్తున్నది డేటాబేస్ పాఠాలు చెప్పిన బ్రాకెట్ సార్. ఆయన క్లాసుల్లో కూడా రెండే.

మొదటిది ల్యాబ్. టేబుల్లో ఉన్నది మనమే, మన మార్కులే. సీఎస్, ఈసీ బ్రాంచీల్లో 60 దాటినవాళ్ల పేర్లు తీయమన్నారు. 'బ్రాంచి సీఎస్ ఆర్ బ్రాంచి ఈసీ అండ్ మార్కులు 60కి పైన' అని నేను టకటకా కొట్టేసి అందరికంటే ముందు ప్రింటు తీశాను. 31 మార్కుల మన చివరి బెంచీ లీడరు ఫస్ట్ క్లాస్ జాబితాలో మూడో పేరు. ల్యాబంతా గోల. వాడు లేచి నిలబడి నమస్కారాలు పెట్టాడు కూడా.

సార్ నవ్వలేదు. కాగితం చూసి, బోర్డు మీద చెట్టు గీశారు. మొదట్లో ఆర్. ఎడమ కొమ్మకు సీఎస్ ఒక్కటే వేలాడుతోంది. కుడి కొమ్మకు అండ్, దాని కింద ఈసీ, 60. "అండ్ ముందు కట్టేసుకుంటుందయ్యా. నువ్వడిగింది సీఎస్ వాళ్లందరినీ, ఈసీలో మాత్రం బాగా చదివేవాళ్లనీ." డస్టర్ వెతికే ఓపిక లేక అరచేత్తోనే తుడిచేసి, ఈసారి ఆర్ చుట్టూ బ్రాకెట్ వేసి, మొదట్లో అండ్ పెట్టి మళ్లీ గీశారు. చొక్కా చేతికంతా సుద్ద. "షరతు వాక్యం కాదు, చెట్టు. వాక్యంలా చదివావా, ఇలాగే మోసపోతావు."

ల్యాబ్ పరీక్షకు రాని ఆవిడ 35 దాటినవాళ్లలో లేకపోవడం, దాటనివాళ్లలోనూ లేకపోవడం కూడా ఆ రోజే బయటపడింది. మార్కుల గడి ఖాళీ, డేటాబేస్ భాషలో నల్. అప్పటి నుంచీ ఆవిడ మనకు నల్. ఇప్పుడు కమిటీ కార్యదర్శి. అన్ని జాబితాల్లోనూ ఉన్నారు, సంతోషం.

రెండో క్లాసు గురించి రాయడానికే ఈ రెండు పేజీలూ ఒప్పుకున్నాను. సార్ వస్తూనే అడిగారు: "ఎవరూ రాని పరీక్షలో అందరూ పాసయినట్టా, కాదా?" లీడరు వెంటనే "మా బ్యాచ్ గురించే కదా సార్" అన్నాడు. సార్ అటు చూడకుండా, "ఫెయిలైనవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి" అన్నారు. చూపించలేం. "అయితే అందరూ పాసే. సరే, పాసైనవాడు ఒక్కడైనా ఉన్నాడా?" లేడు. బోర్డు మీద రెండే ముక్కలు రాశారు: ఖాళీ అండ్ నిజం. ఖాళీ ఆర్ అబద్ధం. 'అందరూ' అన్నది అండ్, 'ఒక్కడైనా' అన్నది ఆర్; కింద ఒక్క షరతూ లేకపోతే మొదటిది నిజం, రెండోది అబద్ధం. ఇదేం పిచ్చి గోల అనుకుని నేను నోటు పుస్తకంలో ఆయన చెవులు గీశాను.

ఉద్యోగంలో మొదటి ఏడాది షరతులన్నీ స్ట్రింగులు, అంటే అక్షరాల ముక్కలు, అతికించి కట్టేవాణ్ణి. షరతులు మొదలయ్యే చోట ముందు 'వేర్ 1=1' అని, ఎప్పుడూ నిజమయ్యేది ఒకటి రాసుకుంటే తర్వాత వచ్చే ప్రతిదానికీ నిశ్చింతగా అండ్ తగిలించొచ్చు. అదీ ఖాళీ అండ్ నిజమనే సూత్రమేనని అప్పుడు తట్టలేదు. యూజర్ టైపు చేసింది నేరుగా క్వెరీలోకి, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలోకి, వెళ్తే ఏమవుతుందో ఒకసారి తెలిశాక క్వెరీలను తనే కట్టే హైబర్నేట్ అనే జావా లైబ్రరీకి మారాం. 2009లో వచ్చిన జేపీఏ 2.0లో (హైబర్నేట్ పాటించే జావా ప్రమాణం అది) షరతులు కట్టే క్రైటీరియా బిల్డర్ ఉంది చూశారూ, దానితో ఖాళీ కంజంక్షన్ (అండ్) కడితే నిజం, ఖాళీ డిస్‌జంక్షన్ (ఆర్) కడితే అబద్ధం అని స్పష్టంగా రాసి ఉంది. చదవగానే సుద్ద వాసన వచ్చింది. అయినా సర్దుకుని పనిలో పడ్డాను.

తర్వాత జాంగో, పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే సాధనం. అందులో క్యూ ఆబ్జెక్టులంటే నాకు ప్రాణం. ఒక్కో షరతునూ ఒక క్యూలో పెట్టి, అండ్‌కు యాంపర్‌సాండ్ (&), ఆర్‌కు నిలువుగీత (|), కాదనడానికి టిల్డా (~)తో కలుపుకుంటూ పోవడమే. లోపల చూస్తే క్యూ అచ్చంగా సార్ గీసిన చెట్టు: ఒక కనెక్టరు, దాని కింద పిల్లలు, తిరగేయాలా వద్దా అని ఒక గుర్తు. నిలువుగీత కంటే యాంపర్‌సాండే ముందు కట్టేసుకుంటుంది కాబట్టి, బ్రాకెట్ మరిచిపోతే లీడరు ఇక్కడ కూడా ఫస్ట్ క్లాసే.

గడువు తీరిన ఖాతాలను రాత్రిపూట దానంతటదే ఆపేసే ప్రోగ్రామ్ ఒకటి నేనే రాశాను. ఏ ఖాతాలు ఆపాలో చెప్పే నియమాలు వేరే టేబుల్లో ఉంటాయి. ఖాళీ క్యూతో మొదలుపెట్టి, లూప్‌లో ఒక్కో నియమాన్నీ నిలువుగీతతో కలిపి, ఫిల్టర్‌కు ఇచ్చి, వచ్చినవాటికి అప్‌డేట్ కొట్టడం. రెండేళ్లు ఏ పేచీ లేదు. ఒక సాయంత్రం ఎవరో నియమాలు మారుద్దామని ఉన్నవన్నీ తాత్కాలికంగా తీసి పక్కన పెట్టారు. ఆ రాత్రి లూప్ ఒక్కసారి కూడా తిరగలేదు. క్యూ ఖాళీగానే ఫిల్టర్‌లోకి వెళ్లింది. జాంగో లెక్కలో ఖాళీ క్యూ అంటే అబద్ధం కాదు, 'షరతేమీ లేదు' అని. పొద్దున్నే లాగ్ తెరిచాను. అప్‌డేట్, టేబుల్ పేరు, సెట్ యాక్టివ్ ఈక్వల్స్ ఫాల్స్. అక్కడితో అయిపోయింది. ఏయే ఖాతాలో చెప్పే వేర్ ఉండాల్సిన చోట సెమికోలన్ ఉంది. ఒక్క కస్టమరు కూడా లాగిన్ కాలేకపోతున్నాడు.

బ్యాకప్ నుంచి అన్నీ తిరిగి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ టెన్షన్ ఇక్కడ రాయను. మార్పు మాత్రం ఒక్క లైనే: ఖాళీ క్యూ బదులు, 'పీకే (ఖాతా గుర్తింపు) ఈ ఖాళీ జాబితాలో ఉండాలి' అనే క్యూతో మొదలుపెట్టాను. ఖాళీ జాబితాలో ఎవరూ ఉండరు కాబట్టి అది ఎప్పుడూ అబద్ధమే. దానికి ఆర్‌తో ఏది కలిపినా ఆ కలిపిందే మిగులుతుంది. ఎవరూ రాని పరీక్షలో పాసైనవాడు ఒక్కడైనా ఉన్నాడా? లేడు.

ఇప్పుడు మా దగ్గర సెర్చ్ విభాగమంతా నాదే, పద్నాలుగు మంది. వాళ్లలో ఇద్దరు నాకంటే బాగా రాస్తారు. కోడ్ రివ్యూలో నిలువుగీత కనిపిస్తే చాలు, నేను బోర్డు దగ్గరికి వెళ్లిపోతాను. వెనకాల నాకో పేరు పెట్టారని తెలుసు. ఏమిటో అడగలేదు.

కిందటేడు సార్‌కు ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "ఎన్ని ఖాతాలు ఆగాయి?" అన్నారు. అన్నీ సార్ అన్నాను. కాసేపాగి, "ఆ రోజు క్లాసుకు నువ్వే వచ్చావా, నీ హాజరు వచ్చిందా?" అని అడిగారు. ఇరవై ఏళ్లయినా కవలలను ఆయన మరిచిపోలేదు.

ఇక ఆ మూడు మెయిళ్ల సంగతి. నేను కంప్యూటర్ క్లబ్బులో, చదరంగం క్లబ్బులో, పత్రిక బృందంలో ఉన్నాను. విద్యార్థుల టేబుల్‌ను క్లబ్బుల టేబుల్‌తో కలిపి, ఈ మూడింట్లో ఏదో ఒకదానిలో ఉన్నవాళ్లను తీస్తే నేను మూడు వరుసల్లో వస్తాను. ఒకే పేరు మళ్లీ మళ్లీ రాకుండా చివర డిస్టింక్ట్ పెట్టుకోవాలి. ఆ జాబితా ఎవరు తీశారో నల్ మేడమ్ నాకు చెప్పారులే. ఒరేయ్ ఫస్ట్ క్లాసూ, ఆహ్వానాలు పంపేలోపు ఆ ఒక్క మాట తగిలించు. రానని చెప్పినవాళ్లను తీసేసే షరతు చుట్టూ బ్రాకెట్ ఉందో లేదో కూడా ఒకసారి చూసుకో.